దండెం కింది దారి

సా యిన్ ఇంటికి రెండు దారులు. ఒకటి వీధిగుమ్మం, ఏ ఇంటికైనా ఉండేదే. రెండోది సందు. పక్కింటి మురుగుకాలవ అంచు పట్టుకుని, కోళ్లగూడుకు మోకాలు కొట్టుకుని, గోడకు భుజం రాసుకుంటూ నడిస్తే వంటింట్లో తేలే దారి అది. మొదటిది సా యిన్ ది, రెండోది ఆవిడ మొగుడు బా న్యోది. పెళ్లయిన నాటినుంచీ అంతే.

దీనికంతటికీ కారణం ఒక దండెం. సా యిన్ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే మనిషి. యాంగోన్‌లో ఆ వీధివాళ్ల మురికంతా ఆవిడ చేతుల మీదుగానే వదిలేది. మగవాళ్ల లుంగీలూ చొక్కాలూ డాబా మీద ఆరేయడానికి ఇంటి యజమాని ఒప్పుకున్నాడు గానీ, ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే తమేన్ల దగ్గరికొచ్చేసరికి ససేమిరా అన్నాడు. "పైన ఆరేస్తే కింద కాపురమున్న మగాళ్లందరి నెత్తి మీదా ఆరేసినట్టే కదమ్మా!" అన్నాడు. దాంతో తమేన్లన్నీ గుమ్మం ముందున్న కాస్త జాగాలో, దండెం మీదికి ఎక్కాయి. తమేన్ కిందనుంచి మగవాడు నడిస్తే వాడి తేజస్సు మంటగలిసిపోతుందని అక్కడ పసిపిల్లాడికి కూడా తెలుసు. పట్టించుకోనట్టు నవ్వేసే మగవాళ్లున్నారు. వాళ్లు కూడా నవ్వుతూనే చుట్టూ తిరిగి వెళ్తారు.

బా న్యో ఈ విషయంలో మహా నిష్ఠాపరుడు. సైకిల్ రిక్షా తొక్కుతాడు, రోజంతా కిళ్లీ నములుతాడు, జ్యోతిష్కుడు చెప్పిన రోజున తప్ప జుట్టు కత్తిరించుకోడు, అసలు కత్తిరించుకోవడానికి అక్కడ జుట్టు కూడా పెద్దగా లేదు.

"ఉన్న తేజస్సు ఎంతనీ, దానికింత కాపలా?" అనేది సా యిన్.

"కొంచెమే ఉంది గనకే కాపలా. నిండుగా ఉన్నోడికేం, ఎటునుంచైనా పోతాడు," అనేవాడు ఆయన, కోళ్లగూడు దగ్గర తగిలిన మోకాలు రుద్దుకుంటూ.

ఆవిడ పైకి నవ్వేది గానీ లోపల ఎక్కడో గుచ్చుకునేది. పొద్దస్తమానం రెక్కలు ముక్కలు చేసుకుని తను ఉతికేవే కదా ఆ బట్టలు! వాటికిందకు తన మొగుడే రాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, రిక్షా దిగి వీధిగుమ్మంలోంచి దర్జాగా నడిచొస్తే చూడాలని ఆవిడకి ఉండేది. అడిగితే చులకన. అందుకని అడగలేదు.

ఆ ఇంటి పైగదిలోకి టెట్ ఖైన్ అద్దెకొచ్చాడు. బక్కపల్చటి కుర్రాడు, మాట మెత్తన, భుజాన ఎప్పుడూ ఒక నేతసంచి.

"పెళ్లిళ్లకి వీడియోలు తీస్తా పిన్నీ," అన్నాడు.

బాగానే ఉందనుకుంది. వానలు మొదలయ్యాయి, భిక్షువులు ఆరామాల్లో వర్షావాసానికి కూర్చున్నారు. ఆ మూడు నెలలూ ఊళ్లో ఒక్క పెళ్లి ఉండదు. మనవాడు మాత్రం పొద్దున్నే సంచి తగిలించుకుని "పెళ్లికెళ్లొస్తా పిన్నీ" అని బయల్దేరుతున్నాడు. అబద్ధం చెప్పేవాడు కనీసం పంచాంగం చూసుకోవద్దూ?

"ఏరా అబ్బాయ్, వర్షావాసంలో ఎవరి పెళ్లిరా? దెయ్యాలదా?" అని ఒకరోజు మెట్ల దగ్గర నిలదీసింది.

వాడు సంచి సర్దుకుని మెట్లు దిగిపోయాడు. సా యిన్ ఇంక రెట్టించలేదు. సైనిక ప్రభుత్వం కింద బతికేవాళ్లకి ఎక్కడ ప్రశ్న ఆపాలో ఒంట్లోనే ఉంటుంది. ఏ అమ్మాయో ఉండి ఉంటుందని సరిపెట్టుకుంది.

పెట్రోలు ధర ఒక్కసారిగా ఆకాశాన్నంటింది ఆ ఏడే. బస్సెక్కడానికి డబ్బుల్లేక జనం నడిచారు, తరవాత జనం తరఫున భిక్షువులే వీధుల్లోకి వచ్చి నడవడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ వారంలోనే సా యిన్ టెట్ ఖైన్ సంచి ఉతికింది. ఉతుకుతుంటే సంచి పక్కన రాగి నాణెమంత చిల్లు కనబడింది.

"అయ్యో పాపం, పెళ్లాం లేనివాడి బతుకింతే," అనుకుంది. ఆవిడ రఫూ అంటే మామూలు రఫూ కాదు, దారానికి దారం కలిపి అల్లితే చిల్లు ఎక్కడుండేదో సంచి నేసినవాడు కూడా చెప్పలేడు. అంత శ్రద్ధగా కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి వాడి గది గుమ్మంలో పెట్టింది. వాడు పొద్దున్నే హడావుడిగా కెమెరా అందులో పడేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆవిడ ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి పైకెళితే గదిలోంచి భిక్షువుల గొంతులు వినబడ్డాయి. వందలమంది కలిసి మైత్రీసూత్రం చదువుతున్నారు. తూర్పునున్న ప్రాణులు సుఖంగా ఉండుగాక, పడమటనున్న ప్రాణులు సుఖంగా ఉండుగాక. లోపలికి తొంగిచూస్తే టెట్ ఖైన్ తల పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. ముందున్న చిన్న తెర మీద మాత్రం చీకటి. తారులాంటి చీకటి.

"రేడియోనా అబ్బాయ్?"

"రేడియో కాదు పిన్నీ, నా ఖర్మ. రోజంతా వాళ్ల పక్కనే నడిచాను. సూలే వీధి నిండా జనం. భిక్షువులకి అటూ ఇటూ చేతులు పట్టుకుని గోడల్లా నిలబడ్డారు. అంతా తీశాననుకున్నా. చూడు, ఏముందో!"

"ఏముంది? ఏమీ లేదు."

"అదే చెప్తున్నా! చిల్లు ఎవరు కుట్టారు?"

"నేనే. ఎందుకు, ఊడిందా?" అంది సా యిన్ కంగారుగా.

టెట్ ఖైన్ ఆవిడ వంక చూశాడు. ఏడవాలనుకున్నాడో ఏమో, నవ్వొచ్చేసింది. నవ్వు ఆపుకోలేక గోడకు జారబడ్డాడు. ఆ నవ్వుల మధ్యనే నిజమంతా బయటపెట్టాడు. తను విలేకరి. దొంగచాటుగా తీసిన టేపుల్ని లారీడ్రైవర్ల చేత సరిహద్దు దాటిస్తే, అవతల థాయ్ గడ్డ మీదున్న తనవాళ్లు లోకానికి చూపిస్తారు. దొరికితే జైలు, ఎన్నేళ్లో చెప్పలేం. కెమెరా కన్ను బయటికి చూసేది ఆ చిల్లులోంచే.

"అది కిటికీ అని ముందే చెప్పి ఏడవొచ్చు కదరా!" అని కసిరింది సా యిన్. "చిల్లనుకున్నా గానీ! ఎలా చించావు దాన్ని, కత్తెరతోనా? అంచు కుట్టకుండా అలా వదిలేస్తే పీచులన్నీ కెమెరాకి అడ్డం రావూ? ఇటివ్వు."

సంచి లాక్కుంది. కూర్చున్నచోటే రఫూ విప్పి, చిల్లుకి కాజా కుట్టి, పైన అదే గుడ్డతో చిన్న రెక్క వేసింది. వేలితో కదిపితే తెరుచుకుంటుంది, వదిలేస్తే ఎవడూ కనిపెట్టలేడు. కుట్టడం అయ్యాక దారం పంటితో కొరుకుతూ అడిగింది, "నన్ను కూడా తీస్తావా అందులో?"

"తీస్తా పిన్నీ."

"మొహం బాగా పడాలి. తనకా గంధం రాసుకుంటా, మా అమ్మ ఇచ్చిన చెవికమ్మలు పెట్టుకుంటా."

నవ్వుతూనే మాట ఇచ్చాడు.

మర్నాడు భిక్షువులు ఆ వీధిలోంచే వెళ్లారు. ఎవరూ పిలవకుండానే వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చేసింది. మొహింగా, అదే చేపపులుసు సేమ్యా, అమ్మే ఆవిడ గంగాళం పక్కన పెట్టి మంచినీళ్లు పోసింది, పూలకొట్టు ఆయన బుట్టలో ఉన్న పూలన్నీ దారిలో చల్లాడు, సా యిన్ తనకా పూసుకుని, కమ్మలు పెట్టుకుని, రెండుచేతులూ జోడించి నిలబడింది. టెట్ ఖైన్ సంచి రెక్క తెరిచి ఒక్కొక్కరినీ తీశాడు. వీధంతా పండగలా ఉంది. అన్నేళ్ల భయం ఒక్కపూటలో ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. ముసలివాళ్లు కూడా పళ్లు కనబడేలా నవ్వారు.

ఆ మర్నాటి మధ్యాహ్నానికి సైనికుల లారీలు దిగాయి.

టెట్ ఖైన్ సందులోంచి పరుగున వచ్చి, టేపు సా యిన్ చేతిలో పెట్టాడు. ఊపిరి అందడం లేదు. "పిన్నీ, వీధి మొదట్లో సోదా చేస్తున్నారు. సంచి ఉన్న కుర్రాడు కనిపిస్తే చాలు, లారీ ఎక్కించేస్తున్నారు. కెమెరా, సంచీ కాలవలో పారేశా, ఒట్టిచేతుల్తో బయటికి పోతా. మూలమీద టీకొట్టు మేడ మీద కెమెరాతో ఇంకో విలేకరి ఉన్నాడు, నేనూ అక్కడే ఉంటా. ఇది పొద్దుగూకేలోపు అక్కడికి చేరితే లారీలో వెళ్లిపోతుంది. చేరకపోతే..."

పూర్తిచేయనక్కర్లేదు. ఆ టేపులో వీధి వీధంతా ఉంది. నీళ్లు పోసినవాళ్లు, పూలు చల్లినవాళ్లు, నవ్విన ముసలివాళ్లు, అందరి మొహాలూ స్పష్టంగా. లోకం చూస్తే మేలు. సైన్యం చూసిందా, వీధిలో దీపం పెట్టడానికి మనిషి మిగలడు.

వాడలా వెళ్లాడో లేదో, ఇలా సర్కారు తరఫున వీధి మీద కన్నేసి ఉంచే వార్డు పెద్ద గొడుగేసుకుని దిగబడ్డాడు. గుమ్మం దాకా వచ్చి, దండెం చూసి ఠక్కున ఆగిపోయాడు.

"సా యిన్! పైగది అద్దె కుర్రాడేడీ?"

"పెళ్లికెళ్లాడు. లోపలికి రండి, తడుస్తారెందుకు? టీ పోస్తా."

వార్డు పెద్ద నెత్తి మీద వేలాడుతున్న తడి తమేన్ల వంక చూశాడు. "ఇక్కడే బావుందిలే. వాడొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా. నువ్వు కూడా కదలొద్దు," అని వీధి అవతల పీట వేయించుకుని కూర్చున్నాడు. ఇద్దరు సైనికులు సందులోంచి వచ్చి పైగది గాలించారు, పరుపు చింపారు, బియ్యం డబ్బా బోర్లించారు. ఉతకాల్సిన తమేన్ల గంప దగ్గరికి రాగానే మాత్రం, పాము పక్కన నడిచినట్టు నడిచి వెళ్లిపోయారు.

టేపు ఆ గంపలోనే ఉంది.

సా యిన్ కదిలితే అనుమానం. ఇంట్లో మిగిలింది బా న్యో ఒక్కడే. వాళ్లు వెళ్లగానే ఆవిడ ఆయన్ని వంటింట్లోకి లాగింది. తన ఆకుపచ్చ పట్టు తమేన్ తీసింది. అలల నేత, పెళ్లినాటిది, ఒకమూల ఇస్త్రీపెట్టె అంటుకుని త్రికోణంలా మాడిన మరక. టేపుని అందులో చుట్టి, పైన మరో నాలుగు మాసిన తమేన్లు చుట్టి మూట కట్టింది.

"రిక్షాలో పెట్టుకుని టీకొట్టు మేడకి పో, కుర్రాడికియ్యి. ఎవడూ ముట్టుకోడు."

బా న్యో మొహం పాలిపోయింది. "ఎక్కడ పెట్టుకోను? సీటు మీదా? రేపు దాని మీద మగాళ్లు కూర్చోవద్దూ?"

"వీధంతా లారీ ఎక్కేటట్టుంటే నీకు సీటు గొడవా? కాళ్లదగ్గర పెట్టుకో, పో మహానుభావా!"

ఆయన మూటని రెండువేళ్లతో, ఒంటికి దూరంగా పట్టుకుని సందులోంచి వెళ్లాడు. సా యిన్ ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి ఒకే చొక్కాని ఎన్నిసార్లు రుద్దిందో ఆవిడకే తెలియదు. మొగుణ్ని పంపింది, పిరికివాడో ధైర్యస్తుడో ఇన్నేళ్ల కాపురంలో తేల్చుకోలేకపోయిన మొగుణ్ని.

పొద్దుగూకే వేళకి బా న్యో తిరిగొచ్చాడు, సందులోంచే. చేతిలో ఒట్టి మూట.

"ఇచ్చావా?"

"ఇచ్చా."

"ఎలా?"

"ఎలా ఏముందీ? కాళ్ల దగ్గర పెట్టా. ఛీ అని మొహం తిప్పుకున్నారు. వచ్చేశా," అని కొళాయి దగ్గరికి పోయి కూర్చున్నాడు. శీకాయ నానబెట్టి తల రుద్దుకున్నాడు, కడుక్కున్నాడు, మళ్లీ రుద్దుకున్నాడు. ఆ బోడితలకి అంత శీకాయ దేనికో సా యిన్ కి అర్థం కాలేదు. వానలో తడిశాడు కదా, బురద అనుకుంది. వేడివేడిగా అన్నం వడ్డించి, చేపకూరలో పెద్దముక్క ఆయనకే వేసింది. వార్డు పెద్ద చీకటి పడేదాకా చూసి, కాళ్లు పట్టేసి, గొడుగు ముడుచుకుని వెళ్లిపోయాడు.

టెట్ ఖైన్ టేపు తీసుకుని సరుకుల లారీలో సరిహద్దు దాటేశాడు. వీధి నుంచి ఒక్కరు కూడా జైలుకి వెళ్లలేదు. ఆ బొమ్మలు లోకమంతా చూసిందని పరాయిదేశపు రేడియోలో విని, వీధంతా తలుపులు మూసుకుని మరీ సంబరపడింది.

ఏళ్లు గడిచాయి. ప్రభుత్వం పిడికిలి కాస్త సడలింది. పత్రికలు బాహాటంగా అమ్మే రోజులొచ్చాయి. అప్పుడు దిగాడు టెట్ ఖైన్, కాస్త ఒళ్లు చేసి, జుట్టు నెరిసి, చేతిలో ఒక సినిమాతో. దొంగచాటుగా తీసిన విలేకరులందరి టేపుల్నీ కలిపి కట్టిన డాక్యుమెంటరీ. పెద్దపెద్ద ఊళ్లలో ఆడిందట, కానీ వాడు పట్టుబట్టి ఆ వీధివాళ్ల కోసం మూలమీది టీకొట్టు మేడలోనే, ఓ ఆదివారం మధ్యాహ్నం, గోడకు తెల్లదుప్పటి కట్టి వేశాడు. దుప్పటి ఇస్త్రీ సా యిన్ దే.

వీధంతా వచ్చింది. టీ ఆకు ఊరగాయ పళ్లాలు చేతులు మారుతున్నాయి. దీపాలార్పారు. మొదలవుతూనే తెరంతా చీకటి. ఆ చీకట్లోంచి వందలమంది భిక్షువుల గొంతులు. తూర్పునున్న ప్రాణులు సుఖంగా ఉండుగాక. ఎంతకీ బొమ్మ రాదు. అందరికీ ఒళ్లు గగుర్పొడిచింది. వెనకెవరో చదువుకున్నాయన "ఆహా, ఏం కళ!" అని గొణిగాడు.

"కళా నా మొహమా! నా రఫూ అది," అంది సా యిన్ పక్కనున్న మొహింగా ఆవిడతో, మేడంతా వినబడేలా. టెట్ ఖైన్ పగలబడి నవ్వాడు.

తరవాత వీధి వచ్చింది. అదే వీధి, అవే గుమ్మాలు. కానీ మనుషుల మొహాలన్నీ తడిచేత్తో తుడిచేసినట్టు మసగ్గా ఉన్నాయి.

"నా మొహమేదిరా? చెవికమ్మలేవిరా?" అని సా యిన్ లేచి నిలబడింది.

"పిన్నీ, కూర్చో! అప్పట్లో ఎవరూ పట్టుబడకూడదని అందరివీ చెరిపేశాం."

"మాటిచ్చావు కదరా! తనకా పూసుకున్నది ఈ మసక కోసమా?"

అందరూ గొల్లుమన్నారు. మొహాలు లేకపోతేనేం, ఎవరికి వాళ్లు దొరికిపోతూనే ఉన్నారు. ఆ నడక మావాడిదే, ఆ గంగాళం నాదే, ఆ తుండుగుడ్డ మా నాన్నదే అని కేకలు. పోయినవాళ్లని చూసి ఏడ్చారు, ఏడుస్తూనే మళ్లీ నవ్వారు.

ఇంతలో బొమ్మ మారింది. పైనుంచి, కిటికీ సందులోంచి తీసిన బొమ్మ. వీధి మొదలు, వాన, సోదా చేస్తున్న సైనికులు. రిక్షాల సీట్లు పీకి పారేస్తున్నారు, కాళ్లదగ్గరున్న మూటల్ని తుపాకీ కొనలతో పొడిచి చీలుస్తున్నారు. వరసలో ఒక ముసలి రిక్షావాడు. మొహం మసక. తన ముందున్న రిక్షాని చీల్చడం చూస్తున్నాడు. రిక్షా దిగాడు. మూట చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని వానలో అలాగే నిలబడిపోయాడు.

తరవాత నెత్తి మీద టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మూట ముడి కాస్త సడలించి, మాసిన తమేన్లను గుప్పెడు బయటికి లాగి, ఒట్టి బోడితల మీద పెట్టుకున్నాడు, లోపలున్న చిన్న మూటని వాటిపైన ఎక్కించాడు. అంచులు చెవులమీదికీ భుజాలమీదికీ జారాయి. ఒక చేత్తో వాటిని పట్టుకుని, రెండో చేత్తో రిక్షా తోసుకుంటూ సైనికులకి ఎదురుగా నడిచాడు.

సైనికులు నిప్పు చూసినట్టు వెనక్కి దూకారు. ఒకడు తొడ కొట్టుకుని నవ్వాడు. ఒకడు ఉమ్మేశాడు. అధికారి కర్ర ఆడిస్తూ, పో పో, నీ మొహం చూపించకు అన్నట్టు తరిమాడు. ముసలాయన మెడ వంచలేదు. వాళ్ల నవ్వుల మధ్యలోంచి నెమ్మదిగా నడిచి తెర దాటిపోయాడు.

మేడంతా చప్పట్లు. "ఎవడ్రా ఆ మొనగాడు!" "మన వీధివాడేనా?" "ఒట్టు, వాడికి మొక్కాలి!"

సా యిన్ చప్పట్లు కొట్టలేదు. ఆ తల మీద, అన్నిటికంటే పైన, ఆకుపచ్చ అలల నేత. మూలన త్రికోణంలా మాడిన మరక. కళ్లు మసకబారి, ఆ తరవాత బొమ్మేదీ ఆవిడకి కనబడలేదు. పక్కకి తిరిగి చూసింది. బా న్యో కిళ్లీ నమలడం మానేసి, పైకప్పు వంక ఎంతో ఆసక్తిగా చూస్తున్నాడు.

"ఎవరయ్యా ఆయన?" అంది మెల్లగా.

"ఏమో. సిగ్గులేని మనిషిలా ఉన్నాడు," అన్నాడు బా న్యో.

మెట్లు దిగేటప్పుడు టెట్ ఖైన్ ఎదురొచ్చి నసిగాడు, "పిన్నికి చెప్తే నా మొహం చూడనన్నావు బాబాయ్. నేను చెప్పలేదు. మొహం కూడా చెరిపేశా." బా న్యో వాణ్ని కళ్లతోనే నోరు మూయించాడు.

ఎండ ఇంకా ఉంది. దండెం నిండా తమేన్లు గాలికి ఊగుతున్నాయి. ఇల్లు రాగానే బా న్యో అలవాటు ప్రకారం సందులోకి తిరిగాడు.

"ఎక్కడికయ్యా?" అంది సా యిన్. "నీ తేజస్సు పోయి ఇన్నేళ్లయింది కదా. ఇంకా దేనికి కాపలా? రోజూ ఆ మురుగులోంచి ఎందుకు?"

బా న్యో ఆగాడు. కోళ్లగూడు వంక చూస్తూ, గొంతు సవరించుకున్నాడు.

"పోయిందని నీకు తెలుస్తుందేమోనని," అన్నాడు. "తేజస్సు లేని మొగుడని చులకనైపోతానని."

సా యిన్ కి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, మొగుడి మీద పట్టరాని కోపమూ వచ్చింది. "పిచ్చి మనిషీ! పిచ్చి మనిషీ!" అని వీధంతా వినబడేలా తిట్టింది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఎవరేమనుకుంటే ఆవిడకేం? వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని సందులోంచి ఇవతలికి లాగింది.

బా న్యో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తల కాస్త కూడా వంచకుండా దండెం కిందనుంచి నడిచాడు. తడి తమేన్ల అంచులు ఆయన బోడితల మీదుగా ఒక్కొక్కటే జారిపోయాయి. గుమ్మం ఎక్కి లోపలికెళ్లి, చాపమీద కూర్చుని, టీ పెట్టమన్నాడు.